పద్నాలుగో చీటీ

పోయిన వారం మనం ఈ కుటుంబాన్ని కస్టమ్స్ గిడ్డంగి గుమ్మం దగ్గర నిలబెట్టి వచ్చాము. కోడలు నర్సు. కొత్త దేశపు ఆసుపత్రిలో ఉద్యోగం సంపాదించి, ఆ అనుమతి మీదనే భర్తనూ మామగారినీ వెంటబెట్టుకుని దిగి వారం రోజులైంది. వలస కార్యాలయంలో కుటుంబ వివరాల పత్రం నింపుతూ, 'తండ్రి' అన్న గడిలో 'మరణించారు' అని రాసి, తల్లి ఇచ్చిన ప్రమాణ పత్రాన్ని దానికి జోడించి సంతకం చేసింది. ఓడ మీద ముందుగా పంపిన సామాను మాత్రం ఇంకా చేతికి రాలేదు. సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు ఆమె ఆసుపత్రిలో చేరాలి. చేరకపోతే ముగ్గురి అనుమతీ రద్దవుతుంది. చేరాలంటే సామాను విడుదలైనట్టు వలస కార్యాలయానికి కబురు అందాలి. అక్కడా ఇక్కడా నడిచేది ఒకే దస్త్రం, ఒకే నంబరు. ఒక చోట పడిన చుక్క రెండో చోట మచ్చగా కనబడుతుంది. ఇవాళ శుక్రవారం.

హాలులో ఏడు కిటికీలున్నాయి గాని, నాలుగో నంబరు కిటికీ ఎక్కడుందో ఎవరూ చెప్పలేకపోయారు. మూడో కిటికీలో ఇచ్చిన నీలం కాగితం మీద ముద్ర వేయాలంటే పసుపు కాగితం చూపమన్నారు. పసుపు కాగితం ఇచ్చే చోట, ముందు నీలం కాగితం మీద ముద్ర ఏదని అడిగారు. పొద్దుటి నుంచి భర్త ఈ రెంటి మధ్య గానుగెద్దులా తిరిగి తిరిగి, చిట్టచివరకు ఆ రెండు కాగితాలూ తమకు అక్కర్లేదనీ, తాము వెళ్ళవలసినది ఆరో కిటికీకనీ తెలుసుకుని, గెలిచినవాడి మొహంతో ఓడినవాడి నడకతో తిరిగి వచ్చాడు.

ఆరో కిటికీ తీరా చూస్తే కిటికీ కాదు, ఒక గది. నడుమ ఆకుపచ్చ గుడ్డ పరచిన పొడవాటి బల్ల, దాని మీద వంగి చూస్తున్నట్టుగా ఒక దీపం, గోడకు గుండ్రని గడియారం. బల్లకు అవతల అధికారిణి కూర్చుని ఉంది. నెరిసిన జుట్టు, ముక్కు కొస మీద అద్దాలు, పెదవుల మీద చిరునవ్వూ లేదు, చిరాకూ లేదు. ఆమె పక్కన దుబాసీ. ఈ ముగ్గురి భాషా తెలిసిన నడివయసు మనిషి. అధికారిణి పది మాటలు చెబితే ఆయన ఒక్క మాట చెప్పేవాడు. వీళ్ళు పది చెబితే అటువైపుకు అరమాట చేరేది. గంట గడవకుండానే భర్త ఆయనకు 'మాటల పిసినారి' అని పేరు పెట్టాడు.

కోడలికి ఆ దేశపు భాష బొత్తిగా రాదని కాదు. పరీక్ష రాసి నెగ్గినదే. అయితే ఆమె నేర్చుకున్నదంతా ఆసుపత్రి భాష. నొప్పి ఎక్కడ, ఎన్నాళ్ళుగా, ఊపిరి గట్టిగా పీల్చండి, మీ అమ్మగారికి గాని నాన్నగారికి గాని ఈ జబ్బు ఉండేదా అని అడగగలదు. సుంకం, యాజమాన్యం, హామీ, మినహాయింపు అన్న మాటలు ఏ రోగీ ఆమెతో అనలేదు. అందువల్ల అధికారిణి మాటల్లో అక్కడొకటి ఇక్కడొకటి తెలిసిన మాట తేలి, మళ్ళీ మునిగిపోతూ ఉంటే, ఆమెకు ఏమీ తెలియకపోవడం కన్నా ఆ సగం తెలియడమే ఎక్కువ తికమకగా ఉంది.

పెట్టెలు ఆరు. ఐదింటిని తెరిచి, జాబితాతో సరిచూసి, తెల్ల సుద్దతో గీత గీసి పక్కన పెట్టారు. గిన్నెలు, దుప్పట్లు, కుట్టుమిషను, పుస్తకాలు. ఆరోది మామగారి పనిముట్ల పెట్టె. ఆయన నలభై రెండేళ్ళు గడియారాల మరమ్మతు చేసిన మనిషి. పెట్టె గొళ్ళేనికి వేలాడుతున్న సీసపు సీలును అధికారిణి వాళ్ళకు చూపించింది. పంతొమ్మిది రోజుల కిందట, ఓడ దిగినప్పుడు వేసిన సీలనీ, అప్పటి నుంచి ఎవరూ పెట్టె ముట్టలేదనీ, నంబరు చూసుకుని సంతకం చేయమనీ దుబాసీ చెప్పాడు. చెప్పాడనడం కన్నా, "సీలు బాగుంది, సంతకం" అన్నాడనడం సబబు. భర్త నంబరు చూసి సంతకం పెట్టాడు. అధికారిణి చిన్న కత్తెరతో తీగ తెంపి, మూత ఎత్తింది.

యంత్రాల నూనె వాసన గుప్పుమంది. ఏళ్ళ తరబడి ఇంట్లో మామగారి చొక్కా నుంచి వచ్చిన వాసన అదే. సన్నని స్క్రూడ్రైవర్ల వరస, పట్టకార్లు, కంటికి తగిలించుకునే భూతద్దం, బ్రష్షులు, గాజు మూతల డబ్బీలు బల్ల మీదికి చేరాయి. అంతా జాబితాలో ఉన్నదే. ఆ గది నిశ్శబ్దంలో కోడలికి ఏదో సన్నని చప్పుడు వినబడింది. ఆందోళనగా ఉన్నప్పుడు చెవిలో తన నాడి తనకే వినబడడం ఆమెకు కొత్త కాదు. అదే అనుకుంది.

పెట్టె అడుగున ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉంది. జాబితాలో బిస్కెట్ల డబ్బా లేదు.

అధికారిణి మూత తీసింది. దూది పరుపు మీద, చక్రంలో ఆకుల్లాగ అమర్చి, చేతి గడియారాలు. ఒక్కొక్కదానికీ దారంతో కట్టిన చిన్న చీటీ. ఆమె పెన్ను కొసతో లెక్కపెట్టి, కోడలు స్వహస్తాలతో రాసిన జాబితాలో ఒక వరస మీద వేలు పెట్టింది. 'గడియారాలు, మూడు.' గోడ గడియారం, అలారం గడియారం, భర్త చేతిది. ఇప్పుడు డబ్బాలో ఇంకో పద్నాలుగు.

నూట పన్నెండు వస్తువులను ఒక్కటీ తప్పకుండా రాశానని వారం రోజులుగా గర్వపడుతున్న మనిషి ఆ వరసను మళ్ళీ చదువుకుంది. మామగారి వైపు చూసింది. ఆయన తల దించుకుని, తప్పు చేసినట్టు కాక, పూజలో ఏదో మరిచిపోయి ఆలోచిస్తున్నవాడిలా నిలబడి ఉన్నాడు.

ఆయన చెప్పిన దాంట్లో దాపరికం ఏమీ లేదు. దుకాణం మూసేటప్పుడు తలుపు మీద బోర్డు పెట్టాడు. ఇచ్చిన గడియారాలు తీసుకుపొమ్మని రెండు నెలలు ఎదురు చూశాడు. చాలామంది వచ్చారు. పద్నాలుగు మిగిలిపోయాయి. వాటిని ఎక్కడ ఉంచాలి? తాళం వేసిన కొట్టులో ఉంచితే చెమ్మ పడుతుంది. ఎవరికైనా అప్పగిస్తే ఆ ఎవరో మంచివాడు కావాలి. అందుకని వెంట తెచ్చాడు. ఏదో ఒక రోజు వాళ్ళు వెతుక్కుంటూ వస్తే తెలియడానికి కొట్టు తలుపు మీద ఇక్కడి ఆసుపత్రి చిరునామా అంటించి మరీ వచ్చాడు. జాబితాలో ఎందుకు చెప్పలేదంటే, జాబితా పైన 'మా సొంత సామాను' అని ఉంది. ఇవి సొంతం కావు. కాబట్టి చెప్పలేదు. ఆయన లెక్కలో అంతకన్నా సూటిదారి లేదు.

దుబాసీ ఈ మొత్తాన్ని నాలుగు మాటలుగా కుదించి అటు అందించాడు. అధికారిణి అద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మూడు దారులున్నాయని చెప్పింది. ఇవి మీ సొంతమని, వాడినవని రాసి సంతకం చేస్తే, ఇప్పుడే సామానంతా పట్టుకుపోవచ్చు. అమ్మకానికి తెచ్చినవంటే వ్యాపారపు అనుమతి చూపాలి. ఇతరులవంటే, ఆ ఇతరులెవరో ఒక్కొక్కరి వివరం రాయాలి; ఆ వివరాలు తప్పని ఎప్పుడు తేలినా, సంతకం చేసినవారి దస్త్రం తెరుస్తారు. సంతకం చేయవలసినది మామగారు కాదు, భర్తా కాదు. అనుమతి ఎవరి పేరు మీద ఉందో ఆమె.

చెప్పవలసినది చెప్పి, అధికారిణి మొదటి దారి కాగితాన్ని మెల్లగా ముందుకు జరిపింది. అందులో దయ ఉన్నదని కోడలికి తెలిసింది. ఆ దయే ఆమెను ఇంకా కలవరపెట్టింది.

భర్త గొంతు తగ్గించి తండ్రితో అన్నాడు: "ఆరేళ్ళుగా రానివాళ్ళు ఇప్పుడు సముద్రం దాటి వస్తారా నాన్నా? మనవేనని రాస్తే ఎవరికి నష్టం?"

"నష్టమని కాదురా. నావి కావు."

"మీవి కానప్పుడు తేవడమెందుకు?"

"వదిలేసి రావడానికి మాత్రం నావా?"

భర్త అంతటితో తండ్రిని వదిలేశాడు. భార్య వైపు తిరిగి, సోమవారం అన్న ఒక్క మాట అన్నాడు. అది చాలు. ఇక్కడికి రావడానికి తాను వదులుకున్న ఉద్యోగం, ఖాళీ చేసిన ఇల్లు, మూడేళ్ళు ఆమె చేసిన రాత్రి డ్యూటీలు, మళ్ళీ మళ్ళీ రాసిన పరీక్షలు అన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి.

కోడలు పెన్ను చేతిలోకి తీసుకుంది. ఒక గీత గీస్తే అయిపోతుంది. మనిషి సత్యానికి దూరమయ్యేది చాలాసార్లు పెద్ద దుర్మార్గంతో కాదు, ఇలాంటి చిన్న సౌకర్యంతోనే. అటువంటి వేళ భగవంతుడు ఎదురుగా నిలిచి హెచ్చరించడు. మహా అయితే, పక్కన ఒక ముసలాయనను ఊరికే నిలబెడతాడు. మామగారు ఆమెను వద్దనలేదు. చెయ్యి పట్టుకోలేదు. డబ్బాలోని గడియారాల వంక చూస్తూ, వార్డులో తన రోగులను వేరొకరికి అప్పగించి వెళ్ళే నర్సు ఎలా చూస్తుందో అలా చూస్తున్నాడు. ఆ చూపు ఆమె ఎరిగినదే. రోజూ తాను చూసే చూపే.

ఆమె మొదటి కాగితాన్ని వెనక్కి జరిపింది. మూడో కాగితం అందుకుంది.

"ఇవి మావి కావు. రాసుకోండి," అంది.

భర్త కుర్చీలో కూలబడ్డాడు. దుబాసీ ఆ మాటను మొదటిసారిగా ఏమీ తగ్గించకుండా చెప్పాడు. అధికారిణి ఆమెను ఒక్క క్షణం నిదానంగా చూసి, కొత్త కాగితం తీసి, ఒకటో గడియారం యజమాని పేరు అడిగింది.

అసలు చిక్కు అక్కడ మొదలైంది.

మామగారికి నలభై రెండేళ్ళుగా ఒక పద్ధతి ఉంది. చీటీ మీద వచ్చిన తేదీ రాస్తాడు, గడియారానికి ఉన్న జబ్బు రాస్తాడు. జబ్బు అన్నది ఆయన మాటే. యజమాని పేరు మాత్రం రాయడు. పేర్లు గుర్తుండవు, మొహాలు గుర్తుంటాయి అంటాడు. మొహాన్ని రెండు మాటల్లో చీటీ మీద పెట్టుకుంటాడు. ఆ రాత ఆయన భాషలో ఉంది గనుక కోడలే చదవవలసి వచ్చింది.

ఒకటోది: రెండో అంతస్తు టీచరమ్మ. రెండోది: ఎర్ర గొడుగు ఆవిడ. మూడోది: దగ్గే పోస్టుమాను. నాలుగోది చదవబోయి ఆమె ఆగిపోయింది. 'తొందర మనిషి' అని ఉంది. గంటలో కావాలి, రైలు పోతుంది అని గొడవ చేసి ఇచ్చి వెళ్ళినవాడట. ఆరేళ్ళైంది.

దుబాసీ దాన్ని అనువదించాడు. అధికారిణి రాస్తున్న చెయ్యి ఆపింది. పెదవుల చివర ఏదో కదిలింది. మళ్ళీ గంభీరంగా, పేరు తెలియని యజమానికి ఆనవాలు రాసే గడి ఒకటి ఉన్నదనీ, ఈ ఉద్యోగంలో ఇరవై ఏళ్ళుగా ఆ గడిని ఎవరూ నింపగా తాను చూడలేదనీ చెప్పి, అందులో తొందర మనిషిని చేర్చుకుంది.

ఆ తర్వాత పని కొంచెం తేలికగా సాగింది. కొత్త పెళ్ళికొడుకు వచ్చాడు. "వాడికిప్పుడు పిల్లలు బడికి పోతుంటారు," అన్నాడు మామగారు. కవలల్లో రెండోవాడు వచ్చాడు. మొదటివాడు తనదని అడగడానికి వస్తే ఇవ్వలేదట. రెండోవాడికి కనుబొమ్మ మీద మచ్చ ఉంది. పేరు చెప్పనాయన వచ్చాడు. భర్త సైతం మొహం దాచుకుని నవ్వాడు. ఒక్కొక్క చీటీ చదివినప్పుడల్లా మామగారి వేళ్ళు ఆ గడియారం వైపు కదులుతున్నాయి, కీ ఇవ్వాలని. జాబితా పూర్తయ్యే దాకా ముట్టరాదని అధికారిణి ముందే చెప్పింది గనుక, ఆయన చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు. పన్నెండు, పదమూడు అయ్యాయి. ఇంకొక్కటి రాస్తే ముద్ర. ముద్ర పడితే సోమవారం.

పద్నాలుగో గడియారం దూది మధ్యలో ఉంది. తోలు పట్టీ. ఆ పట్టీకి చివర, వరసగా ఉన్న రంధ్రాల తర్వాత, మేకుతో పొడిచినట్టు వంకరగా ఇంకో రంధ్రం. సన్నని మణికట్టుకు సరిపోవడానికి ఎవరో చేసుకున్నది. కోడలు దాన్ని చూసి, ఎక్కడో చూశాననుకుని, అనుకున్నది పూర్తిగా మనసులోకి రాకముందే అలవాటుగా చీటీ తిప్పి బయటికి చదివేసింది.

"వియ్యంకుడు."

దుబాసీ నోరు తెరిచి, ఆ బంధుత్వానికి ఆ భాషలో ఏ మాట ఉందో వెతుక్కుంటూ ఆగాడు. ఆ కాస్త ఆలస్యంలో కోడలికి తాను చదివినదేమిటో తెలిసింది. చీటీ మళ్ళీ చూసింది. మామగారి రాతే. జబ్బు రాయవలసిన చోట ఖాళీగా ఉంది. తేదీ ఉంది. దుకాణం మూసిన రోజుకు ముందటి రోజు. నాలుగు నెలలైంది.

తన పన్నెండో ఏట తండ్రి దూరదేశపు గనిలో పనికి వెళ్ళాడు. ఆ గనిలో ప్రమాదం జరిగిందనీ, పైకి రానివాళ్ళలో ఆయన ఒకడనీ ఉత్తరం వచ్చింది. తల్లి ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి బీరువాలో పెట్టింది. పదిహేడేళ్ళైంది. ఆ ఉత్తరం ఆధారంగానే తల్లి ప్రమాణం చేసింది; ఆ ప్రమాణం ఆధారంగానే తాను ఆ గడిలో ఆ మాట రాసింది.

"మామయ్యా," అంది ఆమె. "మీకున్నది ఒక్క కొడుకే కదా."

"అవునమ్మా."

"మరి వియ్యంకుడంటే ఎవరు?"

మామగారు వెనక కట్టుకున్న చేతులు విప్పాడు. "మీ నాన్నేనమ్మా."

భర్త కుర్చీలోంచి లేచాడు. దుబాసీ తన ముందున్న కాగితాల మీదికి చూపు మరల్చుకున్నాడు. ఆయన చెవులు మాత్రం మరల్చుకోలేడు కదా. అది ఆయన ఉద్యోగం.

మామగారు చెప్పుకొచ్చాడు. ఆ రోజు మధ్యాహ్నం ఒక మనిషి కొట్టు ముందు నిలబడి, ఉన్నవాళ్ళందరూ వెళ్ళేదాకా ఆగి, లోపలికి వచ్చి గడియారం బల్ల మీద పెట్టాడు. చూస్తే దానికి ఏ జబ్బూ లేదు. జబ్బు లేని గడియారం ఎందుకు తెచ్చావని అడిగితే, నేనెవరో చెబితే బయటికి పొమ్మనరు కదా అని అడిగాడు. అప్పుడు చెప్పాడు. గని నుంచి బయటపడ్డాడు. బయటపడినవాడు ఇంటికెందుకు రాలేదో కూడా కొంత చెప్పాడు; ఆ కొంతా తన నోటితో చెప్పడం న్యాయం కాదని మామగారు అక్కడ ఆగాడు. కూతురు ఏ దేశం వెళుతోందో, ఏ ఊళ్ళో దిగుతుందో, సామాను ఏ ఓడలో పోతోందో అన్నీ అడిగి తెలుసుకున్నాడు. నీవు చనిపోయినట్టు కాగితాల్లో రాస్తున్నారయ్యా అని మామగారే చెప్పాడు. ఆ మనిషి గడియారం పట్టీని వేలితో సవరించాడు. తర్వాత, అలాగే ఉండనివ్వండి, నేను బతికొస్తే అమ్మాయి ప్రయాణం ఆగిపోతుంది, ఇన్నాళ్ళు లేనివాణ్ణి ఇంకొన్నాళ్ళు లేకపోతే ఏం అన్నాడు. గడియారం అక్కడే వదిలి వెళ్ళాడు.

కోడలు విన్నది. విన్నదాంట్లో ఏ మాటకు ముందు కోపం తెచ్చుకోవాలో, ఏ మాటకు ముందు ఏడవాలో ఆమెకు తెలియలేదు. తండ్రి ఉన్నాడు. ఉంటే తల్లి ప్రమాణం అబద్ధం. అది అబద్ధమైతే తన సంతకం అబద్ధం. తన సంతకం అబద్ధమైతే సోమవారం లేదు. తండ్రి ఉన్నాడన్న సంతోషం ఈ మెట్లన్నీ దిగి వచ్చేసరికి భయంగా మారిపోతోంది. సంతోషించడానికి భయపడవలసి రావడం ఎంత వింత దురవస్థ.

"నాలుగు నెలలు," అంది చివరికి. "ఒకే ఇంట్లో తిన్నాం. నేను ఆ గడిలో ఆ మాట రాస్తుంటే పక్క కుర్చీలోనే కూర్చుని ఉన్నారు మీరు."

"ఉన్నానమ్మా."

"ఎవరో ఎర్ర గొడుగు ఆవిడ గడియారం మీది కాదని ఇంతసేపు నాచేత రాయించారు. మా నాన్న బతికున్నాడన్న మాట మాత్రం మీ సొంతమైపోయిందా?"

ఆయన నలభై రెండేళ్ళలో ఏ గడియారమూ బాగుచేయలేనని అనలేదని ఊళ్ళో చెప్పుకునేవారు. ఇప్పుడు ఆయన మొహం అలాంటిదేదో ఎదురైనవాడి మొహంలా ఉంది.

"నా సొంతం కాదు తల్లీ. అదీ దాచమని ఇచ్చిందే. నీకు నివాస పత్రం చేతికొచ్చిన రోజున ఇవ్వమన్నాడు. ఆ రోజు రాలేదని ఇవ్వలేదు. తప్పో ఒప్పో నాకు తెలియడం లేదు."

"మీకే తెలియకపోతే నాకెలా తెలుస్తుంది మామయ్యా?"

ఆమె గొంతులో నిష్ఠూరం ఉంది, కాని అంతకన్నా ఎక్కువగా నిజంగానే అడుగుతున్నట్టు ఉంది.

అధికారిణి పెన్నుతో బల్ల మీద రెండుసార్లు తట్టింది. పద్నాలుగో గడి ఇంకా ఖాళీగా ఉంది. ఏమిటింత సంభాషణ, యజమాని ఎవరు అని ఆమె దుబాసీని అడిగింది. పదమూడుసార్లు విన్న ఆ ప్రశ్నలోని మాటలు కోడలికి ఇప్పటికి తెలిసినవే.

గదిలో ముగ్గురూ దుబాసీ వైపు చూశారు. పొద్దుటి నుంచి ఏ మనిషి మాటల పొదుపును వేళాకోళం చేశారో, ఇప్పుడు ముగ్గురి బతుకూ ఆ మనిషి నాలుక చివర ఉంది. ప్రతి మాటా ఉన్నదున్నట్టు చెబుతానని ఆయన కూడా ఎక్కడో సంతకం పెట్టే ఉంటాడు. ఆయన కోడలిని చూడలేదు. గొంతు సవరించుకుని, అధికారిణి వైపు వంగి, ఏదో చెప్పాడు.

సరిగ్గా ఆ క్షణాన హాలులో మైకు ఎవరిదో టోకెను నంబరు పిలిచింది. కోడలు ఆ రణగొణ మధ్య ఒకే ఒక మాట కోసం చెవులు రిక్కించింది. 'తండ్రి' అన్న మాట. ఆ భాషలో ఆమెకు బాగా తెలిసిన మాటల్లో అదొకటి. రోగులను అడగవలసిన ప్రశ్నల్లో పరీక్ష కోసం రోజూ వల్లె వేసినదే. వినబడినట్టే ఉంది. వినబడనట్టూ ఉంది. దుబాసీ చెప్పింది రెండు మాటలో మూడు మాటలో. అధికారిణి తల ఊపి, పద్నాలుగో గడిలో ఏదో రాసింది. తలకిందుగా చూస్తే ఆ అక్షరాలు అర్థం కాలేదు.

"ఏం చెప్పారు మీరు?" అని భర్త దుబాసీని అడిగాడు. ఆయన తన కాగితాలు సర్దుకోసాగాడు.

అధికారిణి ముద్ర చేతిలోకి తీసుకుంది. వేసే ముందు, పద్ధతి ప్రకారం కాబోలు, ఆ గడియారాన్ని డబ్బాలోంచి ఎత్తి దీపం కింద పట్టుకుంది. ఒక్కసారిగా ఆగింది. చెవి దగ్గర పెట్టుకుంది. గోడ గడియారం వైపు చూసింది. మళ్ళీ చేతిలోని దాన్ని చూసింది. ముద్ర కింద పెట్టేసింది. తర్వాత కత్తిరించి పక్కన పడేసిన సీసపు సీలును తీసి, అద్దాల దగ్గరగా పెట్టుకుని, తిప్పి తిప్పి చూడసాగింది. ఈసారి ఆమె చెప్పింది పొడుగ్గా ఉంది. దుబాసీ దానిలో ఒక్క మాటా మిగుల్చుకోలేదు.

"పంతొమ్మిది రోజులుగా సీలు వేసిన పెట్టెలో ఉన్న ఈ గడియారం ఎలా నడుస్తోందని అడుగుతున్నారు. మిగతా పదమూడూ ఆగి ఉన్నాయి. పైగా ఇది చూపిస్తున్నది మీ దేశపు టైము కాదు, ఈ గోడ గడియారం టైము. ఒక్క నిమిషం కూడా తేడా లేదంటున్నారు."

పెట్టె తెరిచినప్పటి నుంచి తన చెవిలో కొట్టుకుంటున్నది తన నాడి కాదని కోడలికి అప్పుడు తెలిసింది.

మామగారు బల్ల మీదుగా చెయ్యి చాపాడు. ముట్టరాదన్న మాట అధికారిణి కూడా మరిచిపోయినట్టుంది, గడియారం ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన బొటనవేలితో కీ తాకి చూశాడు. అది ఇంకా బిగువుగానే ఉంది. ఆయన మొహంలో రంగు మెల్లమెల్లగా తగ్గిపోయింది.

"పెట్టె కట్టిన రోజు నుంచి నేను దీనికి కీ ఇవ్వలేదమ్మా," అన్నాడు. "ఇది కీ ఇస్తే నడిచేది ముప్పై గంటలే."